చెట్టు మీద చెట్టు: బెంగళూరులో బదనికల తగాదా

జనవరి, ఫిబ్రవరి నెలల్లో బెంగళూరు వీధుల్లో చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. మోడుబారిన కొమ్మల మధ్య అక్కడక్కడా పచ్చటి గుబుర్లు. ఆకు తీరు వేరు, రంగు వేరు, కొన్నిటికి నారింజ రంగు పూలు కూడా. ఎవరో ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. చెట్టుకు రోగం వచ్చిందని ఒకరు, వెంటనే కొట్టించేయాలని ఇంకొకరు, పిట్టలు వస్తున్నాయి వదిలేయండని మరొకరు. మదనపల్లె వైపు నుంచి వచ్చిన తోటమాలిని పిలిచి చూపిస్తే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: “బదనిక సార్ అది. ఆకు పెరికితే మళ్లా వస్తాది. కొమ్మతో కోసేయాల.”

పేరు సరిగ్గానే చెప్పాడు, కోసే పద్ధతీ సరిగ్గానే చెప్పాడు. కోయాలా వద్దా అన్నదే తెగని తగాదా. ఆ తగాదాలో రెండు పక్షాలకూ చేతిలో ఆధారాలున్నాయి. చిక్కల్లా, ఆ ఆధారాలు ఒకే రకం చెట్ల గురించి, ఒకే రకం చోట్ల గురించి కావు.

## ఏది బదనిక, ఏది కాదు

మనవాళ్లు చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనికే అంటారు. అందులో మూడు వేర్వేరు బతుకులున్నాయి.

మొదటిది, చోటు మాత్రమే వాడుకునేవి. మామిడి మానుకు అంటుకుని పెరిగే ఆర్కిడ్లు ఇలాంటివి. వాటి వేళ్లు బెరడు పైనే ఉంటాయి, వాననీటితో, గాలిలోని తేమతో బతుకుతాయి. చెట్టు లోపలికి దిగవు. రెండోది, కాకి వేసిన గింజతో ఈతచెట్టు మీద మొలిచే రావి, మర్రి. ఇవి చివరకు కింది చెట్టును చంపొచ్చు, కానీ రసం పీల్చి కాదు. చుట్టూ వేళ్లు దించి, ఎండ రానీయకుండా చేసి చంపుతాయి.

మూడోదే నిజమైన పరాన్నజీవి. కింది చెట్టు బెరడు చీల్చి, చెక్కలోకి దిగి, అందులో పారే నీటిని తాగుతుంది. బెంగళూరు వీధుల్లో ఎక్కువగా కనిపించేది డెండ్రోఫ్తోయి అనే ప్రజాతికి చెందిన డెండ్రోఫ్తోయి ఫాల్కేటా. ఉష్ణమండల ఆసియా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ ప్రజాతిలో సుమారు 30 జాతులున్నాయి. మనకు కావలసింది ఈ ఒక్కటే. కన్నడంలో దీన్ని బందణికె అంటారు కాబట్టి బెంగళూరులో ఏ తోటమాలినైనా అడగొచ్చు.

పూలు పూసే మొక్కల్లో పరాన్నజీవులు సుమారు నూటికి ఒకటి. వాటిలోనూ రెండు తరగతులున్నాయి. పొగాకు రైతుల పాలిట శనిలా దాపురించే పొగాకు మల్లెకు (పూల మల్లె కాదు, పొగాకు వేళ్ల మీద మొలిచే కలుపు) ఆకుపచ్చదనమే లేదు. తిండీ నీరూ అన్నీ పొగాకు వేరు నుంచే. ఇది సంపూర్ణ పరాన్నజీవి. బదనికకు పచ్చటి దళసరి ఆకులున్నాయి. ఎండలో తన తిండిని చాలావరకు తనే వండుకుంటుంది. దొంగిలించేది ప్రధానంగా నీటిని, ఆ నీటిలో కరిగిన లవణాలను. అందుకే దీన్ని పాక్షిక పరాన్నజీవి అంటారు. తగాదా అంతా ఈ పాక్షికం అన్న మాట దగ్గరే మొదలవుతుంది.

దాని చుట్టాల్లో ఒకటి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. వృక్షశాస్త్రం బదనికనూ శ్రీగంధాన్నీ ఒకే గణంలో, శాంటలేల్స్‌లో పెట్టింది. మైసూరు పేరు నిలబెట్టిన శ్రీగంధం కూడా పాక్షిక పరాన్నజీవే, కాకపోతే నేలలో పక్క మొక్కల వేళ్లకు వేళ్లు తగిలించి లాగుతుంది. అందుకే నారు పోసేవాళ్లు గంధం మొక్క పక్కన కంది మొక్క పెడతారు. ఒక పరాన్నజీవికి కాపలా పెట్టి, ఇంకొకదాని మీదికి కత్తి పట్టుకెళ్తున్నాం. ఇందులో తప్పేమీ లేదు గానీ, ‘పరాన్నజీవి’ అన్న ఒక్క మాటతోనే తీర్పు ఇచ్చేయలేమని మాత్రం తెలుస్తుంది.

## పిట్ట లేకపోతే ఇది లేదు

బదనిక గింజ నేల మీద పడితే వృథా. కొమ్మ మీదే పడాలి, అదీ పైన, వెలుతురున్న సన్న కొమ్మ మీద. గాలి చేయలేని ఈ పనిని ఓ పిట్ట చేస్తుంది. పేల్-బిల్డ్ ఫ్లవర్‌పెకర్ అంటారు. పొడవు 8 సెంటీమీటర్లు, దేశంలోని అతి చిన్న పిట్టల్లో ఒకటి, బూడిద రంగు ఒళ్లు, లేతరంగు ముక్కు. కంటికి ఆనదు, ఆకుల్లోంచి ‘చిక్ చిక్’ అని వినిపిస్తుంది, అంతే.

పండిన బదనిక కాయను అది చర్మంతో సహా మింగేస్తుంది. గుజ్జు అరుగుతుంది, గింజ అరగదు. కాసేపట్లోనే గింజ బయటికి వస్తుంది, కానీ రాలిపడదు. దాని చుట్టూ విస్కిన్ అనే జిగురు ఉంటుంది, అది పిట్ట వెనక భాగానికే అంటుకుంటుంది. వదిలించుకోవడానికి పిట్ట కొమ్మ మీద అడ్డంగా కూర్చుని, అటూ ఇటూ కదిలి, ఒళ్లు రుద్దుకుంటుంది. గింజ కొమ్మకు అంటుకుంటుంది. నాటడం అయిపోయింది. ఒక్కోసారి జిగురు సాగి, రెండు మూడు గింజలు పూసల్లా వేలాడుతుంటాయి.

పూల దగ్గరా పిట్టలే. వంకర తిరిగిన పొడవాటి గొట్టం పువ్వు తేనెపిట్ట ముక్కుకు సరిగ్గా సరిపోతుంది. మొగ్గ ముదిరాక పిట్ట నొక్కితే టప్పున విచ్చుకుని పుప్పొడి చిమ్ముతుంది. ఈ రెండు పిట్టలు కలిసి బదనికను ఎలా పెంచి పంచుతున్నాయో 1931లోనే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కొంకణ్ ప్రాంతంలో చూసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. అప్పటికి ఈ మొక్క పేరు లొరాంథస్ లాంగిఫ్లోరస్. ఇప్పటికీ పాత పుస్తకాల్లో ఆ పేరే ఉంటుంది, వెతికేవాళ్లు తికమక పడతారు.

బెంగళూరులో ఈ పిట్టకు ఇంకో ఆధారం దొరికింది. పిల్లలు గసగసె పళ్లు అని కోసుకు తినే సింగపూర్ చెర్రీ చెట్లు వీధి వీధినా ఉన్నాయి. బదనిక పళ్లు లేని రోజుల్లో ఆ చిన్న తియ్యటి పళ్ల మీద ఫ్లవర్‌పెకర్ బతికేస్తుంది. నగరం తెలియకుండానే బదనిక నాటే కూలీకి భోజనం పెడుతోందన్నమాట.

## కొమ్మలోకి దిగడం

ఆ గింజకు సిసలైన పైతొక్క ఉండదు, విడిగా నీరు పోయనక్కర్లేదు. ఎక్కడ అంటుకుంటే అక్కడే మొలకెత్తేస్తుంది, కేబుల్ తీగ మీదైనా సరే. తీగ మీద మొలిచింది నిలవలేక ఎండిపోయి చస్తుంది. కొమ్మ మీద పడినది మాత్రం ఆకుపచ్చటి చిన్న కాడ చాచి, కాడ చివరను బెరడుకు ఆనించి, అక్కడ పళ్లెం ఆకారంలో అంటుకుంటుంది. ఆ పళ్లెం అడుగు నుంచి ఒక మేకు బెరడులోకి, బెరడు కింద చెక్కలోకి దిగుతుంది. దీనిపేరు హాస్టోరియం, మన పాఠ్యపుస్తకాల్లో చూషకం.

కింది కొమ్మ ఊరుకోదు. గాయం చుట్టూ చెక్కను పెంచుతుంది. అందుకే ముదురు బదనిక మొదలు దగ్గర బొడిపె కనిపిస్తుంది, కొన్నిచోట్ల పిడికిలి కంటే పెద్దది. ఇక్కడితో ఆగితే కోయడం సులువే. కానీ ఈ జాతి కొమ్మ పైన బెరడు వెంబడే వేళ్లను పాకిస్తుంది, కాస్త కాస్త దూరంలో మళ్లీ లోపలికి కొత్త మేకులు దించుతుంది. తోటమాలి ‘మళ్లా వస్తాది’ అన్నది దీన్ని చూసే. పైన గుబురు లాగేసినా లోపలి చూషకం బతికే ఉంటుంది, అక్కడి నుంచి కొత్త చిగురు వేస్తుంది. ఆకులు రాల్చే మందులు చల్లి చూసిన పరిశోధనలూ ఉన్నాయి. ఆకులు రాలతాయి, చాలాసార్లు మొక్క తిరిగి చిగురిస్తుంది.

ఏ చెట్టునైనా పడుతుందా? దాదాపుగా. డెండ్రోఫ్తోయి ఫాల్కేటాకు ఆశ్రయమిచ్చే చెట్ల జాబితాలో 300కు పైగా జాతులున్నాయి: మామిడి, సపోటా, వేప, కానుగ, జామ, పనస, టేకు, సిల్వర్ ఓక్. దాని మీదే బతికే ఇంకో బదనిక కూడా ఉంది, విస్కమ్ కాపిటెల్లేటం. దొంగ ఇంట్లో దొంగ.

## మధ్యాహ్నం రెండింటికి ఏం జరుగుతోంది

వేసవి మధ్యాహ్నం మామిడి జాగ్రత్త పడుతుంది. నేలలో తడి తక్కువైతే ఆకుల రంధ్రాలను ముడుచుకుని, నీరు ఆవిరి కాకుండా చూసుకుంటుంది. బదనిక ఆ పొదుపు చేయదు. రంధ్రాలు తెరిచే ఉంచి నీటిని వదులుతూనే ఉంటుంది, వదిలినకొద్దీ కొమ్మలోంచి ఇంకా లాగుతుంది.

మన వీధుల్లో ఇది కొత్తేం కాదు. కావేరి నీళ్లు వచ్చే గంటలో ఒకింటివాళ్లు పైపుకే నేరుగా మోటారు బిగిస్తారు. లైను చివరి ఇంటికి చుక్క రాదు. కొమ్మలోనూ అంతే: బదనిక అంటుకున్న చోటు నుంచి కొన వైపున్న భాగం లైను చివరి ఇల్లు. ముందు ఎండేది ఆ కొనే. కొన్నేళ్లకు కొమ్మ చివర మామిడాకు ఒక్కటీ ఉండదు, బదనిక ఒక్కటే మిగులుతుంది.

ఇలా లాగడానికి కారణం దురాశ కాదు. బదనికకు సొంత వేరు లేదు. నత్రజని, పొటాషియం లాంటివి ఆ పలుచటి రసంలోంచే రావాలి. అవి కావలసినంత దక్కాలంటే బోలెడు నీరు తాగి ఆవిరి చేయక తప్పదు. దాంతో బదనిక ఆకుల్లో లవణాలు బాగా చేరతాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, పిట్టల పక్షం వాదన అంతా దీని మీదే నిలబడింది.

## ఒక చెట్టుకు ముప్పై, పక్కదానికి ఒకటీ లేదు

ఒకే వరసలో, ఒకే వయసున్న కానుగ చెట్లు. ఒకదాని నిండా బదనికలు, పక్కనున్నది శుభ్రం. ‘ఆ చెట్టుకే రోగం’ అన్న అనుమానం ఇక్కడ పుడుతుంది. రోగం అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. (అంకెలు లెక్క కోసం అనుకున్నవి, కొలిచినవి కావు.)

ఒక కానుగ మీద కాయలు కాసే గుబురు ఒకటుంది. పిట్ట 100 కాయలు మింగింది. పళ్లున్న చెట్టు మీదే పిట్ట ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి 60 గింజలు అదే చెట్టు కొమ్మలకు అంటుకున్నాయి. మిగిలిన 40 చుట్టుపక్కల 20 చెట్లకు, చెట్టుకు రెండు చొప్పున పోయాయి. 20 గింజల్లో ఒకటి బతుకుతుందనుకుంటే, మొదటి కానుగకు కొత్తగా 3 గుబుర్లు చేరాయి. మిగతా 20 చెట్లలో రెండిటికి ఒక్కొక్కటి, పద్దెనిమిదింటికి సున్నా. కొన్నేళ్లకు ఆ 3 కూడా కాపుకొస్తే మొదటి చెట్టు మీదికి పిట్టలు ఇంకా ఎక్కువ వస్తాయి, తేడా ఇంకా పెరుగుతుంది.

రోడ్డు పక్కన ఒంటరిగా, నలువైపులా ఎండ తగిలేలా నిలబడిన చెట్టుకు ఈ చక్రం మరింత జోరుగా తిరుగుతుంది. పిట్ట కూర్చోవడానికి అనువు, మొలకకు వెలుతురు. దట్టమైన అడవిలో ఈ రెండూ తక్కువ. బెంగళూరు వీధి చెట్లన్నీ దాదాపు ఇలా వరసల్లో నాటినవే. 1980లలో అటవీ అధికారి నేగిన్‌హాళ్ ఆధ్వర్యంలో లక్షల మొక్కలు వేశారు. అవిప్పుడు నడివయసు దాటిన చెట్లు.

## తీసేయాలనే పక్షం

కోలారు జిల్లా శ్రీనివాసపుర మామిడి రైతును అడిగితే చర్చే లేదు. కొన ఎండిన కొమ్మ కాపు ఇవ్వదు, ఉన్న కాయ చిన్నదవుతుంది, చూషకం దిగిన చోట చెక్క పాడవుతుంది. పండు అమ్ముకు బతికేవాడికి బదనిక నష్టం రూపాయల్లో కనిపిస్తుంది.

అడవిలోనూ ఈ పక్షానికి బలమైన సాక్ష్యం ఉంది, అదీ బెంగళూరుకు దగ్గర్లోనే. చామరాజనగర్ జిల్లా బిళిగిరి రంగన కొండల్లో సోలిగులనే గిరిజనులు ఉసిరికాయ ఏరి అమ్ముకునేవాళ్లు. ఆ ఉసిరి చెట్లను టాక్సిల్లస్ అనే ఇంకో బదనిక ప్రజాతి పట్టింది. బెంగళూరులోని ఏట్రీ సంస్థ పరిశోధకులు అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. బదనిక పట్టిన ఉసిరి చెట్లు ఎక్కువగా చస్తున్నాయని తేలింది. కారణం అడిగితే సోలిగులు చెప్పింది వేరే: ఒకప్పుడు ఎండాకాలం మొదట్లో తాము రాలిన ఆకుకు చిన్న మంటలు పెట్టేవాళ్లమని, అటవీశాఖ ఆ మంటలు ఆపించాక బదనిక పెరిగిందని. అంటే సోలిగుల మాట ప్రకారం బదనిక ఉన్నట్టుండి దుర్మార్గంగా మారలేదు. దాన్ని అదుపులో ఉంచినదేదో పోయింది.

## ఉండనీయమనే పక్షం

వీళ్లు చూపించే పెద్ద సాక్ష్యం ఆస్ట్రేలియాది. డేవిడ్ వాట్సన్ అనే పరిశోధకుడు సహచరుడితో కలిసి కొన్ని చిన్న అడవుల్లోంచి బదనికలన్నిటినీ తీయించాడు, కొన్నిటిని అలాగే ఉంచాడు. మూడేళ్ల తర్వాత లెక్కపెడితే, తీసేసిన చోట్ల అడవినే నమ్ముకుని స్థిరంగా ఉండే పక్షి జాతుల్లో మూడో వంతుకు పైగా తగ్గాయి. ఫలితం 2012లో వెలువడింది. విచిత్రం ఏమిటంటే, ఎక్కువగా పోయినవి బదనిక పండు తినే పిట్టలు కావు, నేల మీద పురుగులు ఏరుకునేవి. వాట్సన్ వివరణ ఇది: లవణాలు నిండిన బదనిక ఆకు ఏడాది పొడవునా రాలుతుంది, దాంతో నేల సారవంతమవుతుంది, పురుగులు పెరుగుతాయి, పురుగుల కోసం పిట్టలు.

దీన్ని బెంగళూరుకు తెచ్చి అతికించేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారని నాకనిపిస్తుంది. ఇక్కడ రోడ్డు మీద రాలిన ఆకు తెల్లవారేసరికి పౌరకార్మికుల చీపురు కిందికి, అక్కడి నుంచి ఆటో టిప్పర్లోకి పోతుంది. తారు మీద నేల సారం పెరగదు. కాబట్టి ఈ వాదన లాల్‌బాగ్‌కో, కబ్బన్ పార్కుకో, గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణకో బాగా సరిపోతుంది; ఫుట్‌పాత్ మీది కానుగకు అంతగా సరిపోదు.

వీధి చెట్టు విషయంలో బలమైన వాదన పువ్వు, పండు, ఆకుల గురించే. కామన్ జెజెబెల్ అనే సీతాకోకచిలుక, రెక్క అడుగున పసుపు, అంచున ఎర్ర మచ్చలు, నగరంలో సర్వసాధారణం. దాని గొంగళిపురుగులు బదనిక ఆకుల మీదే పెరుగుతాయి. గుడ్లు గుంపుగా పెడుతుంది, పురుగులు గుంపుగా తింటాయి. బదనిక ఆకు అంచులు వరసగా కొరికేసి ఉంటే అవే పనిచేస్తున్నట్టు. వీధిలో బదనిక ఒక్కటీ లేకుండా చేస్తే ఆ సీతాకోకచిలుక ఆ వీధిలో గుడ్లు పెట్టడం మానేస్తుంది.

## చెట్టును చంపుతున్నది ఎవరు

రెండు పక్షాల మధ్య జారిపోతున్న ప్రశ్న ఇది. ఇరవై పెద్ద కొమ్మలున్న చెట్టుకు రెండు కొమ్మల మీద బదనిక ఉంటే, ఆ చెట్టు మిగతా పద్దెనిమిదితో ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది. పన్నెండు కొమ్మల మీద ఉంటే తన తిండి తను వండుకునే ఆకే సరిపోదు. ఉందా లేదా అన్నదాని కంటే ఎంత ఉంది అన్నది ముఖ్యం.

దాంతోపాటు కిందికి కూడా చూడాలి. మొదలు చుట్టూ సిమెంటు పలకలు పరిచేశారా? మురుగు కాలువ కోసం ఒక పక్క వేళ్లు నరికారా? నీరు ఇంకే చోటు లేని చెట్టుకు, మూడు బదనికలే ముప్పై పెట్టు. సారమున్న నేలలో నిలబడ్డ చెట్టు అంతకు చాలా ఎక్కువ మోస్తుంది. చెట్టు ఎండిపోతే పైనున్న పచ్చటి గుబురు అందరికీ కనిపిస్తుంది, కింద తెగిన వేరు ఎవరికీ కనిపించదు. నేరం ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా!

నా లెక్కన నిండా పట్టిన చెట్టుకు కోత తప్పదు, రెండు మూడు గుబుర్లున్న చెట్టును ముట్టక్కర్లేదు, చెట్టు మొదలు చుట్టూ ఉన్న సిమెంటు తీయకుండా కోసిన కోత సగం పనే. వీధి మొత్తం ‘క్లీన్’ చేసే కార్యక్రమాల మీద నాకు అంత నమ్మకం లేదు. పైన చూసిన లెక్క ప్రకారం గింజలు పంచేది నిండా పట్టిన ఒకటి రెండు చెట్లే. మిగతా పద్దెనిమిదింటి మీదికి ఎక్కించిన నిచ్చెన వృథా.

కోతలోనూ మెలిక ఉంది. చూషకం పాకినంత మేర కొమ్మ పోవాలి, అంటే బొడిపెకు కిందుగా బాగా దిగి కోయాలి. పెద్ద కొమ్మలు అలా కోస్తే చెట్టు తూకం తప్పుతుంది, గాయాలు పెద్దవవుతాయి, వానాకాలం గాలికి పడిపోయే ప్రమాదం. పైగా 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టంలో చెట్టు నరకడం అన్నదాని నిర్వచనంలోకి కొమ్మలు కొట్టడమూ వస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘం తీర్మానం చేసుకుని ఆదివారం మనిషిని పిలిపించి కొట్టించేస్తే సరిపోదు, వృక్షాధికారి అనుమతి ఉండాలి.

## తాయెత్తు బదనికలు, గన్నేరు బదనిక

బదనిక అనగానే సగంమందికి గుర్తొచ్చేది చెట్టు కాదు, వశీకరణం. ఫలానా నక్షత్రం నాడు, ఫలానా చెట్టు మీది బదనిక తెచ్చి చేతికి కట్టుకుంటే పని అవుతుందని అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కట్టుకుంటే వచ్చే లాభానికి రుజువు లేదు, నష్టమూ డబ్బు వరకే.

పొడి కొట్టి లోపలికి తీసుకునే అలవాటు వేరు. ఆయుర్వేదంలో వందాకం పేరుతో దీనికి చోటుంది, అందులోని రసాయనాల మీద ప్రయోగశాలల్లో పని జరుగుతూనే ఉంది. అయితే ఏ చెట్టు మీది బదనిక అన్నది ఇక్కడ నిజంగానే లెక్కలోకి వస్తుంది, అమ్మేవాళ్లు చెప్పే కారణానికి మాత్రం కాదు. గన్నేరు మీద పెరిగిన డెండ్రోఫ్తోయి ఫాల్కేటాను పరీక్షిస్తే, గుండె మీద పనిచేసే గన్నేరు విషపదార్థాలు బదనికలోనూ దొరికాయి. చూషకం నీటితో పాటు వాటినీ లాగేసింది. బదనిక ఆకు మామిడి మీదైనా గన్నేరు మీదైనా చూడ్డానికి ఒకటే. కోసి, ఎండబెట్టి, పొట్లం కట్టాక అది ఏ చెట్టుదో అమ్మినవాడు చెప్పిందే సాక్ష్యం.